రాజేశం జత కుదిర్చిన ఆరు ఇంజెక్టర్లు

రాజేశాన్ని నేను మొదటిసారి చూసింది వంటగదిలో, నూనె సీసా మీద మార్కరుతో గీత పెడుతుండగా. ఖతర్‌లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముండే విల్లాలో ఏడు గదులు, పద్నాలుగు మంది మగవాళ్లం, ఒకటే వంటగది. ఎవరి నూనె వాళ్లది, ఎవరి ఉప్పు వాళ్లది. అయినా సీసా మీద గీత గీసి, పక్కన తేదీ వేసి, దాన్ని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కొత్తగా దిగినవాణ్ణి కదా, పలకరిద్దామని, "ఏమప్పా, ఎవరన్నా నీ నూనె పోసుకుంటారా?" అన్నాను.

అతను నన్ను కింది నుంచి పైదాకా చూసి, "పోసుకుంటరని నేనన్లే. పోసుకోరని నువ్వు జెప్పగల్గుతవా?" అన్నాడు.

అల్ ముంతజాలో ఒక మందుల షాపులో స్టోరు చూస్తాను నేను. పేరు రామాంజులు, ఊరు మదనపల్లె దగ్గర. రాజేశానిది మెట్‌పల్లి దగ్గర పల్లె. మా ఇద్దరి మాటా ఒకరికొకరికి వింతగా ఉండేది. అయినా పక్కపక్క గదులు కావడంతో, సెలవు రోజుల్లో ఒకే పొయ్యి మీద చపాతీలు కాల్చుకోవడంతో, అతను నాతో మాట్లాడటానికి అలవాటుపడ్డాడు. నన్ను నమ్మాడని మాత్రం అనలేను.

అతనికి ఆ అనుమానం ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ల వయసులో మెకానిక్ పని అని చెప్పి ఏజెంటు విమానం ఎక్కించాడు. దిగాక చూస్తే కాగితంలో ఉన్న పని స్లాబులకు ఇనుప చువ్వలు కట్టడం. కాగితం అరబ్బీలో ఉంది, కింద సంతకం తనది. ఎవరిని అడుగుతాడు? తొమ్మిదేళ్లు ఎండలో చువ్వలు కట్టాడు. ఆ తర్వాత కంపెనీ మారి సనయ్యలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, బండ్ల ఇంజన్లకు బలం పెంచే ఒక గ్యారేజీలో సామాన్లు తుడిచే పనికి కుదిరాడు. రెండేళ్లకు అక్కడ ఇంజెక్టర్ల బెంచ్ మీద పనిచేసే శ్రీలంక పెద్దాయన ఊరికి వెళ్లిపోతూ ఆ పని ఇతనికి నేర్పిపోయాడు. నేను చూసేనాటికి రాజేశానికి నలభై ఆరేళ్లు. పదమూడేళ్లుగా ఆ బెంచే అతని లోకం.

ఇంజెక్టర్ అంటే ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే వేలెడంత పిచికారీ. ఆరు సిలిండర్ల బండికి ఆరు ఉంటాయి. ఆరూ సమానంగా చిమ్మాలి. రాజేశం నాకు చపాతీలు కాలుస్తూ చెప్పాడు.

"ఆరుగురికి అన్నం వడ్డిస్తున్నవనుకో. ఒకనికి తక్కువ వెడ్తె వాడు లేచి అడుగుతడు. ఇంజన్ అడగది. పెట్రోల్ తక్కువ పడ్డ సిలిండర్ లోపట్లోపటనే కాలుతది. బలం పెంచిన బండి అయితె ఇంక జెల్ది కాలుతది. పిస్టన్ కరిగినంకనే మనకు తెలుస్తది."

అతని పని ఆ ఆరింటినీ జత కుదర్చడం. బెంచ్ మీద ఆరు ఇంజెక్టర్లు వరుసగా బిగిస్తాడు. ఒకే ఒత్తిడితో, అంతే సేపు చిమ్మిస్తాడు. కింద ఆరు గాజు గొట్టాల్లోకి ద్రవం దిగుతుంది. గొట్టాల వెనక వెలుగుపలక, దాని మీద గీతలు. ఆరు గొట్టాల్లోనూ మట్టం ఒకే గీత దగ్గర ఆగితే ఆ ఆరూ జత. డబ్బా మీద అచ్చేసిన అంకెలు ఎంత పెద్ద పేరున్న కంపెనీవైనా రాజేశం లెక్కచేసేవాడు కాడు. సీలు తీయని డబ్బాలోని వాటిని కూడా బెంచ్ ఎక్కించేవాడు.

జత కుదిరాక బండి కామ్రాన్ చేతికి వెళ్లేది. కామ్రాన్ హైదరాబాద్ యాకుత్‌పురా వాడు, ముప్ఫై రెండేళ్లుంటాయి. భార్య శిఫాతో ఉమ్ ఘువైలినాలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాడు. బండిని రోలర్ల మీదికి ఎక్కించి, ల్యాప్‌టాప్ తగిలించి, ఏ వేగంలో ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో సరిచేసేవాడు. పొగగొట్టంలో ఉండే సెన్సరే అతనికి కళ్లు. అయితే ఆ సెన్సర్ చెప్పేది ఆరు సిలిండర్ల పొగ కలిపి. ఒక్కోదాని సంగతి విడిగా చెప్పదు. అందుకే రాజేశం జత సరిగ్గా ఉంటేనే కామ్రాన్ ట్యూనింగ్ నిలుస్తుంది.

ఇంతగా ఒకరి మీద ఒకరు ఆధారపడ్డవాళ్లు స్నేహంగా ఉండాలి. ఉండేవాళ్లు కాదు. "నా పని గాజు గొట్టంల కనవడ్తది. వాని పని డబ్బల ఉంటది, డబ్బ వాని సంకల ఉంటది," అనేవాడు రాజేశం, ల్యాప్‌టాప్ సంగతి. కామ్రాన్ ఎగతాళి చేసేవాడు. "రాజేశం భాయ్, మీరు అద్దంలో మిమ్మల్ని చూసుకుంటే కూడా ఐడీ అడుగుతారు." అందరూ నవ్వేవారు. రాజేశం నవ్వేవాడు కాదు.

కామ్రాన్‌కు గానీ మరెవరికి గానీ తెలియని సంగతి ఒకటుంది. తన బెంచ్ మీద నెగ్గిన ప్రతి ఇంజెక్టర్‌కూ, రబ్బరు రింగు కింద ఉండే గాడిలో, రాజేశం సన్న ఆకురాయితో ఒక గీటు పెట్టేవాడు. రింగు ఊడదీస్తే తప్ప కనిపించదు. ఎవరైనా తన ఇంజెక్టర్ మార్చేసి తన మీదికి తెస్తే పట్టుకోవడానికి. పదమూడేళ్లలో ఒక్కసారీ ఆ అవసరం రాలేదు. అయినా మానలేదు.

పోయిన చలికాలం, ఇసుక దిబ్బల మీద బండ్లు ఎక్కించే రోజుల్లో, నాసర్ అనే ఖతరీ యువకుడు తన పాత ఆరు సిలిండర్ల జీపును తెచ్చాడు. సీలైన్ అనే చోట దిబ్బ ఎక్కడంలో స్నేహితుల్ని మించాలని అతని పట్టుదల. ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసే టర్బో పెద్దది వేశారు. దానికి పెద్ద ఇంజెక్టర్లు కావాలి. కొత్తవి రావడం ఆలస్యమైంది. కామ్రాన్ ఎక్కడో తెలిసినవాళ్ల దగ్గర, ప్రమాదంలో పాడైన రెండు బండ్ల నుంచి తీసిన పన్నెండు ఇంజెక్టర్లు తెచ్చాడు.

"ఎక్కడియి?" అన్నాడు రాజేశం.

"తెలిసినోళ్లవి భాయ్."

"ఎవలు తెలిసినోళ్లు?"

"మీకు ఎందుకు? పన్నెండు ఉన్నాయి. మంచివి ఆరు తియ్యండి. మీ పని అదే కదా."

ఆ జవాబు రాజేశం మనసులో ముల్లులా ఉండిపోయింది. పన్నెండింటినీ కడిగి, ఆరేసి చొప్పున రెండు విడతలుగా బెంచ్ ఎక్కించాడు. మొదటి విడతలో అయిదో గొట్టంలోది మిగతా వాటికన్నా చాలా ఎక్కువ చిమ్మింది. దాన్ని పక్కన పెట్టాడు. రెండో విడతలో అయిదో గొట్టంలోది సరిపోయింది, దాన్ని తీసుకున్నాడు. మొత్తానికి ఒకే గీత మీద నిలిచిన ఆరు దొరికాయి. ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు కట్టాడు, గీట్లు పెట్టాడు. ఏ గొట్టంలో నెగ్గినది ఆ నంబరు సిలిండర్‌కే బిగించడం అతని పద్ధతి. మిగిలిన ఆరింటినీ కామ్రాన్ తన అల్మారాలో పడేసుకున్నాడు.

కామ్రాన్ రెండు రోజులు రోలర్ల మీద కూర్చుని ట్యూన్ చేశాడు. నాసర్ ఒకసారి నడిపి చూసుకుని కామ్రాన్‌ను కౌగిలించుకున్నాడు. రాజేశం భుజం కూడా తట్టాడు.

రెండో శుక్రవారం దిబ్బ నడుమ బండి ఆగిపోయింది. పొగ వచ్చిందట. ట్రక్కు మీద గ్యారేజీకి తెచ్చి ఇంజన్ విప్పితే అయిదో పిస్టన్‌కు చిటికెన వేలు దూరేంత బొక్క.

గ్యారేజీ మొత్తం చూసుకునేది హమీదుద్దీన్. బోధన్ మనిషి, యాభై అయిదేళ్లు, తెలుగూ ఉర్దూ రెండూ ఇంటి భాషలే. ఆయన నాసర్ ముందే ఇద్దర్నీ నిలబెట్టాడు.

"అయిదో సిలిండర్‌కు పెట్రోల్ తక్కువైంది. ఎందుకు తక్కువైంది? ఇంజెక్టర్లదా, ట్యూనింగ్‌దా?"

"ఇంజెక్టర్లు బెంచ్ ఎక్కిద్దాం సాబ్. అందరి ముంగటనే," అన్నాడు రాజేశం.

ఎక్కించాడు. ఏ నంబరుది ఆ నంబరులోనే. ద్రవం దిగింది. ఆరు గొట్టాల్లోనూ మట్టం ఒకే గీత దగ్గర ఆగింది. ఆ క్షణాన కామ్రాన్ ముఖం పాలిపోయిందని రాజేశం నాకు ఎన్నోసార్లు చెప్పాడు. మొదట్లో గెలుపుగా చెప్పేవాడు.

కామ్రాన్ ల్యాప్‌టాప్ తెరిచి గీతలు చూపించాడు. "చూడండి హమీద్ భాయ్, సెన్సర్ ఎక్కడా తక్కువ చూపించలేదు. నేను ఇంకా కొంచెం ఎక్కువే పోయించిన."

"డబ్బ నీదే గద. గీతలు గూడ నీయే," అన్నాడు రాజేశం.

"అయితే వేరే బెంచ్ మీద చూపిద్దాం. మీ బెంచ్ ఒక్కటే ఉందా ఖతర్‌లో?"

హమీదుద్దీన్ ఒప్పుకున్నాడు. కామ్రాన్ ఆరింటినీ సంచిలో వేసుకుని ఒక్కడే వేరే గ్యారేజీకి వెళ్లి, మధ్యాహ్నం భోజనాలప్పటికి కాగితంతో తిరిగొచ్చాడు. అయిదు ఇంజెక్టర్లు నూటికి నూరు చిమ్మాయి. అయిదో నంబరుది ఎనభై ఎనిమిది.

"ఇప్పుడు చెప్పండి భాయ్," అని కాగితం బల్ల మీద పెట్టాడు.

రాజేశం కాగితం ముట్టుకోలేదు. హమీదుద్దీన్ వైపు తిరిగాడు. "సాబ్, పొద్దుగాల మీ కండ్ల ముంగట ఆరు సమానం. ఇప్పుడు ఒకటి తక్కువ. నడుమ సంచి ఎవల చేతుల ఉన్నది? మిగిలిన ఆరు ఎవల అల్మారల ఉన్నయి? మార్చుటానికి ఎంతసేపు?"

నాసర్‌కు ఎవరో హిందీలో విడమరిచి చెప్పారు. అతను కామ్రాన్ వైపు చూసిన చూపులో రెండు వారాల కిందటి కౌగిలింత ఏమీ మిగల్లేదు. కామ్రాన్ ముందు అరిచాడు, తర్వాత ఖురాన్ మీద ఒట్టేస్తానన్నాడు. హమీదుద్దీన్ ఒట్టు వద్దన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ ఆరు ఇంజెక్టర్లనూ ఆఫీసు లాకర్లో పెట్టి తాళం వేశాడు.

ఆ సాయంత్రం విల్లాలో రాజేశం నాకు ఇదంతా చెప్పి, "నేను మొదటి రోజే అనుకున్న," అన్నాడు. నేను కూడా అవునన్నాను. అప్పటికి నాకూ అలాగే అనిపించింది.

కానీ రెండు రోజుల తర్వాత ఇంటికి ఫోన్ చేసి వచ్చాక మనిషి తేడాగా కనిపించాడు. భార్య గంగాబాయి ఊళ్లో బీడీలు చుడుతుంది. ఆమె చేతిలో పని ఆపకుండానే ఫోన్ స్పీకర్లో పెట్టి వింటుంది. దుబాయ్‌లో దొంగను పట్టుకున్నానని ఇతను చెప్పాడు. ఇది దుబాయ్ కాదు అని ఆమెకు పదేళ్ల నుంచి చెప్పి విసిగిపోయి మానేశాడు.

"ఇంతకు గా పిలగాడు ఒప్పుకున్నడా?" అందట ఆమె.

"దొంగ ఒప్పుకుంటడానే?"

"దొంగ గానోడు గూడ ఒప్పుకోడు గదా," అని ఆమె బీడీకి దారం చుట్టుకుంటూ ఉండిపోయిందట.

రాజేశానికి కోపం వచ్చింది. ఆమెకు రుజువు చూపించాలనిపించింది. రుజువు తన దగ్గర ఉంది కూడా. కామ్రాన్ మార్చిన ఇంజెక్టర్ మీద తన గీటు ఉండదు. అందరి ముందూ రింగు విప్పితే రహస్యం బయటపడుతుందని ఆ రోజు విప్పలేదు. గురువారం హమీదుద్దీన్‌ను అడిగి లాకర్ నుంచి ఇంజెక్టర్లు తీసుకున్నాడు. శుక్రవారం పొద్దున, గ్యారేజీకి సెలవు, తాళం చెవి అడిగి ఒక్కడే వెళ్లాడు.

అయిదో నంబరు ఇంజెక్టర్ రింగు ఊడదీశాడు. గాడిలో గీటు ఉంది.

కామ్రాన్ తన రహస్యం కనిపెట్టి దొంగ గీటు పెట్టాడనుకున్నాడు. భూతద్దం తెచ్చి చూశాడు. తన ఆకురాయికి ఒక చోట పన్ను విరిగి ఉంటుంది, అందుకని అది పెట్టే గీటు పక్కన వెంట్రుకంత సన్న గీత ఇంకొకటి పడుతుంది. అదీ ఉంది. ఇది తన చేతి గీటే. అంటే ఎవరూ దేన్నీ మార్చలేదు.

ఆ ఇంజెక్టర్‌ను తీసుకెళ్లి ఒకటో స్థానంలో బిగించాడు. మట్టం తక్కువగా ఆగింది, ఆ గ్యారేజీ కాగితంలో రాసినంతే. తీసి అయిదో స్థానంలో బిగించాడు. సరిగ్గా గీత మీద ఆగింది. దాన్ని తీసేసి రెండో నంబరు మంచి ఇంజెక్టర్‌ను అయిదో స్థానంలో పెట్టాడు. మట్టం గీత దాటి పైకి పోయింది.

తేడా ఇంజెక్టర్‌లో మాత్రమే లేదు. అయిదో గొట్టంలోనూ ఉంది. రెండు గొట్టాలు ఊడదీసి అంచులు పక్కపక్కన పెట్టి చూశాడు. బయట కొలత ఒకటే. అయిదో దాని గాజు దళసరి. లోపల ఇరుకు. ఇరుకు గొట్టంలో తక్కువ ద్రవమే ఎక్కువ ఎత్తుకు లేస్తుంది.

"అన్నా, అప్పుడు గూడ నాకు మొదలు ఏమనిపించిందో ఎరికెనా?" అన్నాడు నాతో తర్వాత. "గీ గొట్టం ఎవడు మార్చిండు అనిపించింది."

మార్చింది తనే. నాసర్ బండి రావడానికి వారం ముందు అయిదో గొట్టం పగుళ్లిచ్చింది. అసలు గొట్టం రావడానికి మూడు నెలలన్నారు. ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణానికి తనే వెళ్లి, పాత గొట్టం చేత్తో పట్టుకుని, పొడవూ లావూ సరిచూసి తెచ్చి బిగించాడు. ప్రపంచంలో ఎవరు తెచ్చిన వస్తువైనా కొలిచి చూసేవాడు. అది మాత్రం తాను తెచ్చినది కదా, కొలవలేదు.

గ్యారేజీలో ఎవరూ లేరు. గొట్టం కిందపడేస్తే ముక్కలైపోతుంది. ఊడ్చి చెత్తలో వేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఈ ఆలోచన తనకు వచ్చిందని రాజేశం దాచలేదు. పైన ఉన్న కెమెరా వైపు చూశాడట. అది పనిచేయడం లేదని అతనికి తెలుసు. ఎంతసేపు అలా కూర్చున్నాడో చెప్పలేదు.

పదకొండు గంటలకు మా షాపు వెనక స్టోరు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చొక్కా అంతా చెమట.

"అన్నా, అన్నిట్ల పెద్ద సిరంజి ఒకటియ్యి. సూది వద్దు."

"ఎందుకప్పా నీకు సిరంజి?" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు పాడు అనుమానమే వచ్చింది. గల్ఫ్‌లో ఒంటరి మగవాళ్లు సిరంజి అడిగితే మాకు వచ్చే మత్తుమందు అనుమానమే.

అప్పుడు చెప్పాడు, నిలబడే, అట్టపెట్టెల మధ్య. నేను యాభై మిల్లీలీటర్ల సిరంజి తీసిచ్చాను. గ్యారేజీకి తిరిగి వెళ్లి సిరంజితో రెండుసార్లు, అంటే వంద, ఒక్కో గొట్టంలో పోసి చూశాడు. అయిదింటిలో వంద గీత. అయిదో నంబరు గొట్టంలో నూట పదమూడు.

మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. "నువ్వు నాతోని రావాలె. నేనొక్కన్నే పోతె వాడు తలుపు తియ్యడు."

ఉమ్ ఘువైలినాలో ఆ ఫ్లాట్ మూడో అంతస్తులో. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వెళ్లాం. తలుపు గొలుసు తీయకుండా శిఫా చూసింది. రాజేశాన్ని గుర్తుపట్టగానే ఆమె ముఖం బిగుసుకుంది. లోపల ఊరికి సర్దేసినట్టు రెండు అట్టపెట్టెలు టేపు వేసి ఉన్నాయి.

"ఎందుకు వచ్చారు?" అంది ఉర్దూలో. "ఇంకేం మిగిలింది?"

వెనక నుంచి కామ్రాన్ వచ్చాడు. గొలుసు తీయలేదు. చేతిలో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. కెమెరా మా వైపు.

"ఎవరు పంపించారు? హమీద్ భాయా? ఇల్లు వెతకడానికా?"

"ఎవలు పంపలే."

"మరి ఈయన ఎవరు?"

"నా పక్క రూమాయన. మందుల షాపుల జేస్తడు."

కామ్రాన్ ఫోన్ ఇంకాస్త ముందుకు చాపాడు. "మీరు ఏం చెప్పినా ఈ ఫోన్ ముందు చెప్పండి. మళ్లీ నేను అనలేదు అంటే నడవదు."

రాజేశం ఫోన్ వైపే చూస్తూ, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు తన పేరూ ఊరూ గ్యారేజీ పేరూ చెప్పాడు. తర్వాత అన్నాడు: "కామ్రాన్ ఇంజెక్టర్ మార్చలే. నా బెంచ్ అయిదో గొట్టం తప్పు. గది నేనే తెచ్చిన, నేనే పెట్టిన. తక్కువ చిమ్మే ఇంజెక్టర్‌ను నేనే మంచిదని ఇచ్చిన. కామ్రాన్ మీద నేను చెప్పింది అబద్ధమైంది."

ఫోన్ కిందికి దిగలేదు.

"నాటకం కాదు కదా?" అన్నాడు కామ్రాన్. "ఇందులో కూడా మీ ఎత్తు ఏదన్నా ఉందా? రేపు నేను గ్యారేజీకి వస్తే అక్కడ ఇంకేదో ఉంటుందా?"

"నువ్వు రాకు," అన్నాడు రాజేశం. "నువ్వు అస్తే మనిద్దరం ముందే మాట్లాడుకున్నమంటరు. నేనే చెప్త."

శిఫా తలుపు వేసేసింది.

అతను భయపడ్డట్టే అయింది. శనివారం పొద్దున చెప్పగానే హమీదుద్దీన్ మొదట అడిగిన మాట: "నిన్న కామ్రాన్ ఇంటికి పోయినవట కదా?" ఆ ఫ్లాట్ కింద ఉండే ఎవరో అప్పటికే ఆయన చెవిన వేశారు.

"పోయిన సాబ్."

"ఏమన్నడు? ఏడ్సిండా? ఆయన భార్య ఏడ్సిందా? నీకు జాలి కలిగింది. తప్పు మీదేసుకుంటున్నవు. రాజేశం, పదమూడేళ్లు నువ్వు ఎవన్నీ నమ్మలే, నన్ను గూడ. ఇవ్వాళ నీ మీద నువ్వే చెప్తున్నవంటే నేనెట్ల నమ్మాలి? ఆ గొట్టం నిన్న పెట్టలేదని ఏం రుజువు?"

రాజేశం దగ్గర దానికి రుజువు ఉంది. ప్రయోగశాల దుకాణం వాళ్లిచ్చిన రసీదు, తేదీతో సహా, పర్సులో మడతపెట్టి ఉంది. ఏ రసీదునూ పారేయడు కదా. అది బల్ల మీద పెట్టాడు. అంతలో ఇంజన్ సంగతి తేల్చుకుందామని నాసర్ వచ్చాడు. హమీదుద్దీన్ ఆపబోతున్నా రాజేశం సిరంజి తీసి నాసర్ చేతికే ఇచ్చాడు.

"మీరే పొయ్యండి సాబ్. నేను ముట్టుకోను." అని హిందీలో చెప్పి రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు.

నాసర్ ఒక్కో గొట్టంలో తానే పోశాడు. అయిదో దాని దగ్గర రెండోసారి పోసి చూశాడు. మూడోసారి కూడా పోశాడు. సిరంజి బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకుంటూ, తనకొచ్చిన హిందీలో అడిగాడు. ఎవరికీ తెలియనిదాన్ని ఎందుకు చెప్పావని. అతని గొంతులో మెచ్చుకోలు ఏమీ లేదు. ఇందులో తనకు తెలియని లాభం ఏదో ఈ మనిషికి ఉండాలి అన్నట్టే అడిగాడట.

"వాడు దొంగ గాదు సాబ్," అన్నాడు రాజేశం.

నాసర్ తన బండి అక్కడ బాగుచేయించుకోలేదు. ఇంకో ట్రక్కు తెప్పించి తీసుకెళ్లిపోయాడు. రాజేశాన్ని పనిలోంచి తీసేయలేదు గానీ బెంచ్‌కు గుడ్డ కప్పి, అతన్ని మళ్లీ సామాన్లు కడగడానికి పెట్టారు. కామ్రాన్‌కు హమీదుద్దీన్ స్వయంగా ఫోన్ చేసి రమ్మన్నాడు. కామ్రాన్ రానన్నాడు. తలుపు దగ్గర తీసిన వీడియోను వేరే గ్యారేజీ యజమానికి చూపించి అక్కడ చేరాడు. ఆ వీడియో అక్కడితో ఆగలేదు. సనయ్యలో మలయాళీలూ పాకిస్తానీలూ నేపాలీలూ ఉన్న ఎన్నో గ్రూపుల్లో తిరిగింది. తెలుగు రానివాళ్లు కూడా చూశారు. టీ కొట్టు దగ్గర కొందరు రాజేశాన్ని వేలితో చూపించేవాళ్లు. కామ్రానే పంపాడా, ఇంకెవరైనా పంపారా, రాజేశం అడగలేదు. "అడిగితె మల్ల అనుమానపడ్డట్టయితది," అన్నాడు నాతో.

అసలు గొట్టం వచ్చాక, వేసవి మొదట్లో, హమీదుద్దీన్ గుడ్డ తీయించాడు. అతని పని చేయగలవాళ్లు ఇంకెవరూ దొరకలేదు. ఇప్పుడు రాజేశం వారానికొకసారి ఆరు గొట్టాల్లోనూ సిరంజితో పోసి చూసి, నంబర్లు పెద్ద అంకెలతో గోడ మీద కాగితంలో రాస్తున్నాడు. ప్రతి సెట్టునూ తిప్పి తిప్పి అన్ని స్థానాల్లోనూ పరీక్షిస్తున్నాడు. ఒక గంట పని నాలుగు గంటలవుతోంది. మెల్లగా చేస్తున్నాడని హమీదుద్దీన్ సణుగుతున్నాడు. గీట్లు పెట్టడం మాత్రం మానేశాడట.

పోయిన నెలలో ఒక రోజు కామ్రాన్ వచ్చాడు. తన కొత్త గ్యారేజీ బెంచ్ పాడైందట. ఎనిమిది సిలిండర్ల బండివి ఎనిమిది ఇంజెక్టర్లు తెచ్చాడు. సలాం చెప్పుకోలేదు. కామ్రాన్ బెంచ్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ముందు సిరంజి అడిగాడు. ఆరు గొట్టాలూ తానే కొలిచాడు. తర్వాత ప్రతి ఇంజెక్టర్‌నూ ప్రతి స్థానంలోనూ పెట్టించి, ప్రతి మట్టాన్నీ ఫోన్‌లో తీసుకున్నాడు. మధ్యాహ్నం మొదలుపెడితే గ్యారేజీ మూసేవేళ దాకా పట్టింది. నంబర్లు తప్ప ఇద్దరి మధ్య మాట లేదు.

ఎనిమిదింటిలో ఒకటి కొంచెం ఎక్కువ చిమ్ముతోందని తేలింది. అంత చిన్న తేడా ట్యూనింగ్‌లో సరిపోతుందన్నాడు కామ్రాన్.

"సరిపోదు. మార్చు," అన్నాడు రాజేశం.

కామ్రాన్ ఆ ఒక్క ఇంజెక్టర్‌నూ వేరే కవరులో వేసి, మిగతా ఏడింటినీ బెంచ్ మీదే వదిలేసి, దాని బదులు సరిపోయేది తెస్తానని వెళ్లాడు. మర్నాడు వచ్చేదాకా అవి రాజేశం దగ్గరే ఉన్నాయి.